గాయాన్ని అతికే నానో చుక్క.. కొలువులెక్కడ?

గాయం లోతుగా ఉంటే కుట్లు వేస్తారు. మరి కాలేయం తెగితే? అది మెత్తటి అవయవం, సూది గుచ్చితే ఇంకా చిరుగుతుంది. దీనికి పారిస్‌లోని ఈఎస్‌పీసీఐలో లుడ్విక్ లైబ్లర్ బృందం చూపిన దారి ఆశ్చర్యంగా ఉంటుంది. నానో రేణువులు కలిపిన నీటి చుక్క వేసి, అంచులు రెండూ దగ్గరకు నొక్కి పట్టడమే! 2014లో నేచర్‌లో అచ్చయిన పరిశోధన ఇది.

ఆ రేణువులు సిలికావి. ఇసుకలో ఉండేదీ అదే. పైగా పరిశ్రమల కోసం అప్పటికే మార్కెట్లో అమ్ముతున్న ద్రావణాన్నే వాడారు. ముందు తడి జెల్ ముక్కలు, దూడ కాలేయం ముక్కలు అతికించి చూశారు. తర్వాత ఎలుకల మీద ప్రయోగించారు. బ్రష్‌తో పూస్తే చర్మంపై కోత మూసుకుంది, మచ్చ దాదాపు కనిపించలేదు. కాలేయం నుంచి కారే రక్తమూ ఆగింది.

జిగురు అంటున్నాం గానీ, ఇక్కడ ఆరి గట్టిపడేది ఏమీ లేదు. ఒక్కో రేణువు రెండు అంచుల్లోని పొడవాటి అణువుల గొలుసులను పట్టుకుని వంతెనలా నిలబడుతుంది. ఒకచోట పట్టు జారితే పక్కన మళ్లీ దొరకపుచ్చుకుంటుంది. ఆస్పత్రుల్లో చర్మానికి వాడే సయనోఅక్రిలేట్ జిగురు అలా కాదు, ఆరాక బిరుసెక్కుతుంది. (ఇంట్లో ఉండే ఫెవిక్విక్‌దీ ఆ కుటుంబమే. అలాగని గాయాలకు రాయకండి!)

ఎలుక నుంచి ఆపరేషన్ థియేటర్ దాకా దారి చాలా పొడవు. రేణువులు ఒంట్లో ఎక్కడికి చేరతాయి? ఎన్నాళ్లు ఉంటాయి? స్టెరిలైజ్ చేస్తే గుణం మారుతుందా? ప్రతి బ్యాచ్‌లో ఒకే సైజు వస్తుందా? ఉద్యోగాలు ఉన్నది ఈ ప్రశ్నల దగ్గరే. ఐఎస్‌ఓ 10993 ప్రకారం భద్రతా పరీక్షలు చేసేవాళ్లు, 2017 నాటి మెడికల్ డివైజెస్ రూల్స్ చదివి అనుమతుల ఫైళ్లు తయారుచేసేవాళ్లు, క్వాలిటీ చూసేవాళ్లు కావాలి. ఇలాంటి కంపెనీల కోసం విశాఖలో మెడ్‌టెక్ జోన్, సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైజెస్ పార్క్ ఉన్నాయి. బీఫార్మసీ, బీఎస్సీ వాళ్లు రెగ్యులేటరీ పనిని చిన్నచూపు చూస్తుంటారు. అది పొరపాటు.

పేరులో ‘నానో’ ఉందని కోర్సులో చేరిపోవద్దు. లైబ్లర్‌ది పాలిమర్ ఫిజిక్స్. కెమిస్ట్రీ, పాలిమర్, బయాలజీల్లో ఒకదానిపై గట్టి పట్టుంటే మిగతాది నేర్చుకోవచ్చు. గేట్‌లో ఎక్స్ఈ పేపర్‌లో పాలిమర్, మెటీరియల్స్ సెక్షన్లున్నాయి. బయోమెడికల్ వాళ్లకు 2020 నుంచి బీఎం పేపర్ ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ విభాగం, తిరువనంతపురంలో శ్రీచిత్ర సంస్థ చూడదగ్గవి.

ఫీజు కట్టేముందు సీనియర్లను ఒక్క మాట అడగండి: రేణువుల సైజు కొలిచే డీఎల్‌ఎస్ యంత్రం ల్యాబ్‌లో ఉందా, ఉంటే విద్యార్థులను ముట్టుకోనిస్తారా?