హాజరుపట్టీలోని 42 పేర్లు

కౌషున్ తకామి 1999లో ప్రకటించిన 'బాటిల్ రాయల్' నవలను మసయుకి తగుచి 2000-2005 నడుమ మాంగాగా, అనగా జపాను బొమ్మల కథగా, చిత్రించినాడు. ఒకే తరగతిలోని 42 మంది విద్యార్థులు ఒక దీవిలో, ఒక్కరు మిగులువరకు, ఒకరినొకరు చంపుకొనవలెనని ప్రభుత్వ శాసనం. శాసనానికి వారు వరుస సంఖ్యలు. కథకుడు మాత్రం చావబోయే పిల్లలకు ముందుగా ఒక ఇల్లు, ఒక చెలిమి, ఒక ఆశ కల్పిస్తాడు.

దీపస్తంభంలో తలదాచుకొన్న ఆరుగురు బాలికలనే చూడండి. ఒకతె భయపడి వేరొకరికై కలిపిన విషాన్ని, తెలియక మరొకతె తిని కూలిపోతుంది. అంతవరకు ఆప్తులైనవారి నడుమ అనుమానం తుపాకి పట్టుతుంది. వారిలో దుష్టురాలు లేదు. భయమే అందరినీ బలిగొన్నది.

రక్తం ఎంత చిందినదన్నది కాదు, పోయినవారిని మనమెంత ఎరుగుదుమన్నదే శోకానికి మూలం. నిత్యం హాజరు పిలిచే ఉపాధ్యాయునికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.