మీకు తెలుసా? ఇనుము, ఇత్తడి, కంచులో దాగిన మంత్రాల లెక్కలు

మంత్రదండం ఊపగానే పని జరిగిపోయే కథల్లో పాఠకుడికి ఆశ్చర్యపోవడం ఒక్కటే మిగులుతుంది. అమెరికన్ రచయిత బ్రాండన్ శాండర్సన్ ‘మిస్ట్‌బార్న్’ నవలలు అలా ఉండవు. వాటిలో మంత్రానికి సరుకు కావాలి, పాళ్లు కుదరాలి, దానికంటూ ఒక హద్దుంటుంది. ఆ హద్దులు తెలిసిన అభిమానులు కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారు. తర్వాతి పుస్తకంలో ఏం రాబోతోందో కొన్నిసార్లు ముందే పసిగట్టారు, కొన్నిసార్లు దారి తప్పారు. ఆ ఊహల్లో, వాటికి ఊతమిచ్చిన ఆనవాళ్లలో ఆసక్తికరమైనవి ఇక్కడ ఇస్తున్నాం. మొదటి మూడు నవలల రహస్యాలు ఇందులో బయటపడతాయి కాబట్టి, వాటిని చదవాలనుకుంటున్నవాళ్లు ఆ పని ముగించాకే ఈ పేజీకి రావడం మంచిది.

1. మంత్రం కడుపులోంచి వస్తుంది

2006లో వచ్చిన ‘ది ఫైనల్ ఎంపైర్’ ఈ వరుసలో మొదటి నవల. ఇందులోని విద్య పేరు అలోమాన్సీ. అది తెలిసినవాళ్లు లోహపు రజను కలిపిన చిన్న సీసాలు వెంట ఉంచుకుంటారు. తాగి, కడుపులోని లోహాన్ని మండిస్తారు. ఇనుము మండితే చుట్టూ ఉన్న లోహపు వస్తువులను లాగొచ్చు, ఉక్కు మండితే నెట్టొచ్చు. తగరం కంటికీ చెవికీ పదును పెడుతుంది, ప్యూటర్ ఒంటికి బలమిస్తుంది. జింక్ ఎదుటివారి భావోద్వేగాలను రెచ్చగొడుతుంది, ఇత్తడి చల్లారుస్తుంది. మంత్రం వాడుతున్నవాళ్లను కంచు పట్టిస్తుంది, రాగి దాచిపెడుతుంది. మిశ్రమంలో పాళ్లు తప్పితే మింగినవాడు జబ్బుపడతాడు, ప్రాణాలూ పోవచ్చు.

ఈ జాబితాలోనే ఒక క్రమం ఉంది. ఇనుముకు కార్బన్ తోడైతే ఉక్కు, తగరానికి సీసం తోడైతే ప్యూటర్, జింక్‌కు రాగి తోడైతే ఇత్తడి, రాగికి తగరం తోడైతే కంచు. ప్రతి శుద్ధ లోహానికీ ఒక మిశ్రమం జోడీ. శుద్ధ లోహం లాగుతుంది, మిశ్రమం నెడుతుంది. అభిమానుల సిద్ధాంతాలన్నీ మొలకెత్తింది ఈ జోడీల నుంచే.

2. ఖాళీ గడులను పాఠకులే గుర్తించారు

రసాయన శాస్త్రంలో మెండలీవ్ తన పట్టికలో అల్యూమినియం కింద ఒక గడిని ఖాళీగా వదిలి, అక్కడికి రాబోయే మూలకం గుణాలను 1871లోనే చెప్పారు. 1875లో గాలియం దొరికింది. ‘మిస్ట్‌బార్న్’ పాఠకులు చేసిందీ అదే తరహా పని. మొదటి నవలలో అందరికీ తెలిసిన లోహాలు పది. జోడీల క్రమం ప్రకారం పట్టిక గీస్తే ఖాళీలు కనిపిస్తాయి.

2007లో వచ్చిన ‘ది వెల్ ఆఫ్ అసెన్షన్’లో కథానాయిక విన్ కూడా ఇదే తర్కం పట్టుకుంటుంది. అల్యూమినియం మింగితే ఒంట్లోని మిగతా లోహాలన్నీ మాయమవుతాయని ఆమెకు అనుభవం. ప్రతి లోహానికీ మిశ్రమం ఉన్నప్పుడు దీనికి మాత్రం ఎందుకుండదు? అలా వెతికి డ్యూరాలుమిన్‌ను సాధిస్తుంది. అప్పుడు మండుతున్న మరో లోహపు శక్తినంతా అది ఒక్క పెట్టున వెలికితీస్తుంది.

3. పట్టికే తప్పుదారి పట్టించింది

బంగారం మండిస్తే తన గతం, బంగారు వెండి మిశ్రమం ఎలక్ట్రమ్ మండిస్తే తన భవిష్యత్తు కనిపిస్తాయి. కల్పిత లోహం ఏటియమ్ ఎదుటివారి భవిష్యత్తును, మలేటియమ్ ఎదుటివారి గతాన్ని చూపిస్తాయి. నాలుగూ చక్కగా కుదిరిన గుంపనే పాత్రలు నమ్మాయి, పాఠకులూ నమ్మారు. 2008 నాటి ‘ది హీరో ఆఫ్ ఏజెస్’ ఆ నమ్మకాన్ని పడగొట్టింది. ఏటియమ్ మామూలు లోహం కాదు, రూయిన్ అనే వినాశక దేవత దేహంలో భాగం. ఆ గడుల్లో అసలు ఉండాల్సినవి కాడ్మియం, బెండలాయ్. అవి ఏం చేస్తాయో 2011లో ‘ది అలాయ్ ఆఫ్ లా’ చూపించింది. కాడ్మియం తన చుట్టూ కాలాన్ని నెమ్మదింపజేస్తుంది, బెండలాయ్ పరుగెత్తిస్తుంది.

4. పొగమంచు చెప్పిన అంకె

మూడో నవలలో పొగమంచు జనం మీద పడి కొందరిని జబ్బుపరుస్తుంది. చక్రవర్తి ఎలెండ్ లెక్కలు తీయిస్తాడు. ఏ ఊళ్లో చూసినా జబ్బుపడినవాళ్లు సరిగ్గా నూటికి పదహారు మంది. ప్రకృతిలో ఇంత ఖచ్చితమైన లెక్క ఉండదు, ఎవరో కావాలనే చేస్తున్నారని అతనికి అనుమానం వస్తుంది. అసలు లోహాలు కూడా పదహారే. రక్షక దేవత ప్రిజర్వేషన్ తన మనసు చెదిరిపోకముందే మనుషుల కోసం వదిలిన సంకేతం ఆ అంకె. పొగమంచు చేసింది హాని కాదు, నిద్రపోతున్న శక్తిని మేల్కొలిపింది. జబ్బు ఎక్కువ రోజులు వదలని సైనికులు ఏటియమ్ మండించగలవారని చివరి యుద్ధంలో తేలుతుంది. ఇన్ని పేజీల్లో కళ్లెదుటే ఉన్న శాతానికి అర్థం అప్పుడు తెలుస్తుంది.

5. పిచ్చిమాట అనుకున్నది ప్రకృతి నియమం

రెండో నవల మొదట్లో ఒక పండితుడి శాసనం ఉంటుంది. లోహం మీద రాయనిదేదీ నమ్మదగింది కాదని ఆయన అంటాడు. తొలిసారి చదివినప్పుడు అది భయపడిన మనిషి అతిజాగ్రత్తలా అనిపిస్తుంది. నిజానికి అది ఆ లోకపు నియమం. రూయిన్ కాగితం మీది రాతను మార్చగలడు, గుణాలను లోహంలో దాచుకునే ఫెరుకెమీ అనే రెండో విద్యతో భద్రపరచిన జ్ఞాపకాన్నీ మార్చగలడు. లోహం మీద చెక్కిన అక్షరాన్ని మాత్రం ముట్టలేడు. ఆ శాసనం మీద కాగితం పెట్టి రుద్ది నకలు తీసుకున్న పండితుడు సేజ్డ్, ఆ నకలును నమ్మే మోసపోయాడు. పాత్ర పలికిన మొదటి వాక్యాన్నే ఆధారంగా తీసుకోవాలని అభిమానులు నేర్చుకున్నది ఇక్కడే.

6. చెవిపోగు, గొంతు, మేకు

ఈ వరుసలో అన్నిటికన్నా గొప్ప ఆనవాలు విన్ చెవికి వేలాడుతూ ఉంటుంది. అది తల్లి ఇచ్చిన చిన్న కంచుపోగు. మొదటి నవల నుంచీ ఆమె మనసులో అన్న రీన్ గొంతు వినిపిస్తుంటుంది. ఎవరినీ నమ్మకు, అందరూ మోసం చేస్తారు అంటూ. చేదు బాల్యం మిగిల్చిన జ్ఞాపకమే కదా అనుకుని పాఠకుడు ముందుకు సాగిపోతాడు. రాగి కప్పిన మంత్రాన్ని ఎవరూ పసిగట్టలేరని గురువులు చెబుతారు. విన్ పసిగడుతుంది. అది ఆమె ప్రతిభ అనుకుంటాం.

రెండో నవలలో జేన్ అనే యువకుడికి చంపమని పురిగొల్పే గొంతు ఒకటి వినిపిస్తుంటుంది. అతని ఒంట్లో ఒక లోహపు మేకు దిగి ఉంటుంది. మూడో నవలలో స్పూక్ భుజంలో విరిగిన కత్తి ముక్క ఉండిపోతుంది. అప్పటి నుంచి చనిపోయిన నాయకుడు కెల్సియర్ గొంతు అతనికి వినిపించడం మొదలవుతుంది. ముగ్గుర్నీ పక్కపక్కన నిలబెట్టి చూడండి. ముగ్గురికీ లోహం ఒంట్లో గుచ్చుకుని ఉంది, ముగ్గురికీ గొంతు వినిపిస్తోంది. హీమలర్జీ అనే మూడో విద్య ఇదే. ఒకరిని చంపి వారి శక్తిని మేకులోకి తీసి మరొకరికి గుచ్చుతారు. అలా గుచ్చుకున్నవారి మనసులోకి రూయిన్ దారి చేసుకుంటాడు. విన్ పోగు కూడా అలాంటి మేకే. ఆమె చెల్లెలి ప్రాణం తీసిన మేకు.

ముగింపు ఎంత పకడ్బందీగా ఉందో చూడండి. నిజం తెలుసుకున్న స్పూక్, ఒంట్లో లోహం ఉన్నవారిని నమ్మొద్దని లోహపు రేకు మీద రాసి విన్‌కు పంపుతాడు. ఆ రేకు రూయిన్ గుప్పిట్లో ఉన్న మార్ష్ అనే మనిషి చేతిలో పడుతుంది. లోహం మీది రాతను రూయిన్ చదవలేడు కాబట్టి మార్ష్‌కు ఏం తెలిసిందో అతనికి అర్థం కాదు. మార్ష్ ఒక్క క్షణం తన మనసును తాను దక్కించుకుని విన్ చెవిపోగును లాగిపడేస్తాడు. పొగమంచు ఆమెలోకి ప్రవహిస్తుంది. రెండు నియమాలూ ఒక్క ఘట్టంలో కలిసి కథను ముగింపు వైపు నడిపిస్తాయి.

7. న్యూటన్ కూడా ఈ కథలో ఉన్నాడు

ఉక్కు మండించి నాణేన్ని నెడితే, నాణెం నేలను తాకి ఆగేదాకా అదే కదులుతుంది. ఆ తర్వాత నెట్టినవాడు పైకి లేస్తాడు. చర్యకు ప్రతిచర్య తప్పదు. తనకన్నా బరువైనదాన్ని నెట్టినవాడు తానే వెనక్కి ఎగిరిపడతాడు. తన బరువును తగ్గించుకోగల, పెంచుకోగల వాక్స్ పాత్ర వచ్చాక లెక్కలు ఇంకా ముదిరాయి. గాల్లో ఉండగా బరువు పెంచితే వేగం ఏమవుతుంది, తగ్గేది ద్రవ్యరాశా, భూమ్యాకర్షణా అని భౌతికశాస్త్రం తెలిసిన పాఠకులు వాదించుకున్నారు. కాలం పరుగెత్తే బుడగలోంచి వెలుతురు బయటికి వస్తే దాని రంగు మారాలి కదా అన్న ప్రశ్న శాండర్సన్ దాకా వెళ్లింది. కథ నడవాలంటే ఆ ప్రభావాన్ని పక్కన పెట్టాల్సి వచ్చిందని ఆయన దాచకుండా చెప్పారు. బుడగ దాటిన తుపాకీ గుండు దారి తప్పుతుందన్న నియమం మాత్రం నవలల్లోనే ఉంది.

8. పదహారు పదహార్లు

‘ది అలాయ్ ఆఫ్ లా’ కాలానికి ఒకే మనిషికి ఒక అలోమాన్సీ శక్తి, ఒక ఫెరుకెమీ శక్తి దక్కడం మొదలవుతుంది. 16ను 16తో హెచ్చిస్తే 256 కలయికలు. వాటిలో 16 కలయికల్లో రెండు శక్తులకూ లోహం ఒకటే. అలాంటివాడు తాను దాచుకున్న గుణాన్ని ఆ లోహంతో పాటే మండించి ఎన్నో రెట్లు రాబట్టుకుంటాడు. మొదటి నవలలో చక్రవర్తి వెయ్యేళ్లు బతికిన కిటుకు ఇదే. ఈ నవలలో బంగారంతో గాయాలు మాన్పుకునే మైల్స్‌ది కూడా అదే కిటుకు. అభిమానులు ఈ 256 కలయికల్లో ఏది ఎలాంటి పనికొస్తుందో ఊహిస్తూ వచ్చారు. రచయిత చూపించింది గుప్పెడైతే, మిగతావి పాఠకుల సొంత ప్రయోగశాల.

9. జవాబు పటంలోనే ఉంది

శాండర్సన్ తొలి నవల ‘ఎలాంట్రిస్’ 2005లో వచ్చింది. అందులో గాల్లో గీసే అక్షరాలే మంత్రాలు. ఒక రోజు భూకంపం వచ్చి అవి పనిచేయడం మానేస్తాయి. పదేళ్ల తర్వాత రాకుమారుడు రావోడెన్ కారణం కనిపెడతాడు. ఆ అక్షరాల మూలరూపం ఆ దేశపు నేల ఆకారమే. భూకంపం నేలను చీల్చింది కాబట్టి అక్షరంలోనూ ఆ చీలికకు గుర్తుగా ఒక గీత పడాలి. ఆ గీత గీయగానే వెలుగు తిరిగొస్తుంది. ఈ నవల తర్వాత శాండర్సన్ పుస్తకాల్లో పటాలను అలంకారంగా చూసి వదిలేసే అభిమానులు తగ్గిపోయారు.

10. ఒకే మనిషి, వేర్వేరు లోకాలు

‘ఎలాంట్రిస్’లో ఒక బిచ్చగాడు, ‘మిస్ట్‌బార్న్’లో ఒక వేగు, 2009 నాటి ‘వార్‌బ్రేకర్’లో ఒక కథకుడు, 2010 నాటి ‘ది వే ఆఫ్ కింగ్స్’లో ఒక రాజవిదూషకుడు. అందరూ హోయిడ్ అనే ఒకే వ్యక్తి. చిన్న పాత్రల పేర్లను కూడా పట్టించుకున్న పాఠకులు, ఈ గ్రహాలన్నీ ఒకే విశ్వంలోవని అలా నిర్ధారించుకున్నారు. ఆ విశ్వం పేరు కాస్మియర్. అడొనాల్సియమ్ అనే ఆదిశక్తి ముక్కలై పుట్టిన శక్తులు ఎన్నంటే, మళ్లీ పదహారే. 2014లో వచ్చిన ‘వర్డ్స్ ఆఫ్ రేడియెన్స్’లో కత్తిసాము నేర్పే జాహెల్ మాటల్లో రంగుల పోలికలు దొర్లడం చూసి, ఇతను ‘వార్‌బ్రేకర్’ వాషర్ అని గుర్తుపట్టారు. రంగుల్లోంచి మంత్రశక్తి పిండుకునే లోకం నుంచి వచ్చినవాడు అతను. ఊహ నిజమైంది.

11. పదిహేడేళ్లు నడిచిన చర్చ

రాబర్ట్ జోర్డన్ ‘వీల్ ఆఫ్ టైమ్’ ఐదో భాగం 1993లో వచ్చింది. అందులో అస్మోడియన్ అనే మాంత్రికుడు హత్యకు గురవుతాడు. చంపిందెవరన్నది చెప్పలేదు. అడిగినవాళ్లకు చదివి తెలుసుకోమనే జవాబివ్వడం జోర్డన్ అలవాటు. 2007లో ఆయన కన్నుమూశారు. ఆయన భార్య, సంపాదకురాలు హ్యారియెట్ మెక్‌డూగల్ ‘మిస్ట్‌బార్న్’ చదివి, మిగిలిన కథ పూర్తిచేసే పని శాండర్సన్‌కు అప్పగించారు. 2010 నాటి ‘టవర్స్ ఆఫ్ మిడ్‌నైట్’ చివరి పదకోశంలో హంతకురాలు గ్రేండల్ అని తేలింది. చదివి తెలుసుకోమనే అలవాటును శాండర్సన్ కొనసాగించారు. అలా జవాబు దాటవేసినప్పుడు అభిమాని చేతికి ఒక చిన్న కార్డు కూడా ఇస్తారు.

12. చనిపోయాడన్నా నమ్మలేదు

కెల్సియర్ మొదటి నవలలోనే అందరి కళ్లెదుట చనిపోతాడు. అయినా అతని కథ ముగియలేదని వాదించిన అభిమానులున్నారు. మూడో నవలలో అక్కడక్కడా ఎవరిదో తెలియని జోక్యం కనిపించడం వారి ఆధారం. 2016 జనవరిలో వచ్చిన ‘సీక్రెట్ హిస్టరీ’ వారి పక్షాన నిలిచింది. మొదటి మూడు నవలల వెనక అతను నడిపిన కథంతా అందులో ఉంది.

ఈ ఊహలన్నిటి వెనకా శాండర్సన్ 2007లో రాసిన ఒక సూత్రం పనిచేస్తోంది. మంత్రంతో చిక్కుముడి విప్పాలంటే, ఆ మంత్రం పాఠకుడికి ముందే అర్థమై ఉండాలన్నది దాని సారాంశం. అంటే రచయిత ఆధారాన్ని చివరి పేజీ దాకా దాచకూడదు, ముందుగానే పాఠకుడి ముందు పెట్టాలి. ఈ మాటకు కట్టుబడ్డ రచయిత దొరికితే పాఠకుడి శ్రద్ధకు విలువ పెరుగుతుంది. ఏటియమ్ విషయంలో పొరపడ్డ పాఠకుడు కూడా పట్టిక గీశాడు, జోడీలు వెతికాడు, పుస్తకాన్ని అక్షరం వదలకుండా చదివాడు. ఏ నవలకైనా అంతకన్నా మంచి పాఠకుడు దొరకడు. ఈసారి ఫ్యాంటసీ నవల పట్టుకున్న పిల్లలు పక్కన నోట్‌బుక్ పెట్టుకుంటే ఆపకండి. మంత్రాల నియమాలు రాసుకుంటూ కారణం, ఫలితం, ఆధారం వెతకడం వాళ్లు నేర్చుకుంటున్నారు.