ఏనుగులకు బోరు నీళ్లు

జింబాబ్వేలోని హ్వాంగే జాతీయ వనంలో సొమలీసా అనే సఫారీ క్యాంపు ఉంది. అతిథుల కోసం కట్టిన ఈత కొలనుకి అక్కడ ఏనుగులు దాహం తీర్చుకోవడానికి వస్తాయి. పక్కనే కుర్చీల్లో మనుషులున్నా పట్టించుకోకుండా తొండాలు ముంచి తాగి వెళ్తాయి.

దాదాపు 14,600 చదరపు కిలోమీటర్ల ఈ అడవిలో ఏడాది పొడవునా పారే నది ఒక్కటీ లేదు. చాలా భాగం కలహారి ఇసుక నేల. వానలకు నిండిన కుంటలు ఎండాకాలం ముదిరేసరికి అడుగంటిపోతాయి. అందుకే మొదటి వార్డెన్ టెడ్ డేవిసన్ 1930ల్లోనే బోర్లు వేయించి కుంటలకు నీళ్లు తోడించడం మొదలుపెట్టాడు. అప్పట్లో వెయ్యి లోపే ఉన్నాయనుకునే ఏనుగులు ఇప్పుడు సుమారు 45 వేలు. పెద్ద ఏనుగు రోజుకు 200 లీటర్ల దాకా తాగుతుంది. ఒకప్పటి డీజిల్ ఇంజన్ల స్థానంలో ఇప్పుడు చాలాచోట్ల సోలార్ మోటార్లు వచ్చాయి.

క్యాంపులో బస అంటే చెక్క అరుగు మీద వేసిన గుడారం. చాలా క్యాంపులకు కంచె ఉండదు. చీకటి పడ్డాక భోజనానికి వెళ్లాలన్నా తోడుగా సిబ్బంది రావాల్సిందే. కొన్నిచోట్ల స్నానానికి వేడినీళ్లు బకెట్‌లో పోసి పైకి వేలాడదీస్తారు. అది ఖాళీ అయ్యేలోపు ముగించుకోవాలి. జీపు షికార్లు తెల్లవారుజామున ఒకటి, పొద్దువాలాక ఒకటి. ఆకు రాలిపోయి, నీళ్లున్న కుంటలు కొన్నే మిగిలినప్పుడు జంతువులన్నీ అక్కడికే చేరతాయి. కాబట్టి అడవికి అన్నిటికన్నా గడ్డుకాలమైన సెప్టెంబరు, అక్టోబరు నెలలే పర్యాటకులకు మంచి సీజను.

వాన ఆలస్యమైతే ఈ లెక్క తలకిందులవుతుంది. 2019 కరువులో జింబాబ్వేలో 200కు పైగా ఏనుగులు చనిపోయాయి. 2023 చివర్లో, ఎల్‌నినో ఏడాది, ఒక్క హ్వాంగేలోనే కనీసం వంద. వనంలో వందకు పైగా సోలార్ బోర్లున్నా చాలలేదు.

నీళ్లొక్కటే ఉంటే సరిపోదు మరి. రోజూ వందల ఏనుగులు వచ్చిపోయే కుంట చుట్టూ గడ్డి, కొమ్మ ఏదీ మిగలదు. మేత దూరమయ్యేకొద్దీ మేతకూ నీటికీ మధ్య నడక పెరుగుతుంది. గున్నలు, ముసలివి ఆ నడక నడవలేక పడిపోతాయి. కొత్త బోరు వేస్తే ఈ ఏటికి కొన్ని ప్రాణాలు దక్కుతాయి, కానీ ఆ చుట్టుపక్కల చెట్ల మీద భారం పెరుగుతుంది.

అడవి అంచు ఊళ్లకు ఈ కరువు మరో రకంగా తగులుతుంది. నీళ్లు, మేత వెతుక్కుంటూ ఏనుగులు పొలాల్లో పడతాయి. 2024 ఏప్రిల్‌లో జింబాబ్వే ప్రభుత్వం కరువును జాతీయ విపత్తుగా ప్రకటించింది. ఆకలితో ఉన్నవారికి మాంసం పంచడానికి 200 ఏనుగులను చంపే యోచనను సెప్టెంబరులో బయటపెట్టింది.

హ్వాంగేలో చాలా బోర్లు నడిచేది వన శాఖ నిధులతో పాటు క్యాంపులు, దాతలు ఇచ్చే డబ్బుతోనే. అతిథి కట్టే గది అద్దెలో కొంత మోటారు మరమ్మతుకు పోతుంది. వెళ్లాలనుకునేవారు గది ఎలా ఉంటుందన్న దానితో పాటు, ఆ క్యాంపు ఎన్ని కుంటలకు నీళ్లు పెడుతోందో, పక్క ఊళ్లకు ఏం చేస్తోందో కూడా అడిగి బుక్ చేసుకోవచ్చు.