పాట నుండి గీతకు: తేజూ బెహన్ చిత్రములు

నేతవారి పత్రికలో చిత్రకారిణి ప్రసక్తి ఏల యని కొందరు సోదరులు అడుగవచ్చును. వృత్తిని మూటగట్టుకొని పరాయి ఊరు చేరుట యనగానేమో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. షోలాపురములోని మనవారి తాతలు తెలంగాణపు పల్లెలు విడిచి అట్లు వెళ్లినవారే. వారికి వెళ్లినచోట మగ్గము దొరికినది. వెళ్లినచోట వృత్తికే ఆదరణ కరవైన ఒక కుటుంబము కథ ఇది. అందులో ఒక ఇల్లాలు ఏమి చేసినదో మన ఇండ్లలోని స్త్రీలు తెలిసికొనవలెనని దీనిని ప్రకటించుచున్నాము.

తేజూ బెహన్ రాజస్థానపు పల్లెలలో పుట్టి పెరిగినది. బెహన్ అనగా సోదరి. గుజరాతులో స్త్రీలను గౌరవముగా పిలుచు మాట. వారు జోగులు. జోగులకు పాటయే పొలము, పాటయే పంట. తెల్లవారకముందే సారంగి చేతబట్టి ఊరూరు తిరిగి, భగవంతుని కీర్తించుచు ఇంటింటివారిని మేలుకొలుపుదురు. ఇల్లాండ్రు చేటలో ధాన్యమో, ఒక పాతబట్టయో తెచ్చి పెట్టుదురు. మనకు హరిదాసులు, జంగమదేవరలు జ్ఞప్తికి వచ్చుట సహజమే. ఆమె బాల్యమంతయు ఆ పాటల నడుమనే గడచినది. అయితే ఇంట వినుట వేరు, వాకిట నిలిచి పాడుట వేరు. స్త్రీ పదిమందిలో పాడుట వారిలో ఆచారము కాదు. భర్త గణేశ్ జోగి ఆ కట్టుబాటును లెక్కచేయక ఆమెను తనతో కలిసి పాడుమన్నాడు. ఇరువురును జంటగా పాడిరి. ఈ భర్తను గురించి ఇంకను ఎక్కువ వ్రాయవలసియున్నది గాని స్థలము చాలదు.

పల్లె పోషింపలేకపోగా వారు అహమ్మదాబాదు చేరిరి. మిల్లుల నగరమది, ఆ మిల్లులలో మన పద్మశాలీలును పనిచేసిరి. 1980 దశకమున అవి వరుసగా మూతపడిన సంగతి పెద్దలెరుగుదురు. అట్టి నగరములో వేకువను సైరన్ మేలుకొలుపును గాని సారంగి మేలుకొలుపదు. గుమ్మమువద్ద పాడువారిని నిలిచి వినుటకు ఎవరికి తీరిక?

అక్కడ వారికి తారసపడినవారు హకూ షా గారు. వీరు 1934లో సూరతు ప్రాంతపు వాలోడ్ గ్రామములో జన్మించి, బరోడాలో చిత్రకళ నేర్చి, గుజరాత్ విద్యాపీఠమున గిరిజన వస్తుప్రదర్శనశాలను తీర్చిదిద్దిన గాంధేయులు. 1989లో పద్మశ్రీ పొందిరి. 2019లో కాలధర్మము చెందిరి. వీరి గురువులలో ఒకరైన కె.జి. సుబ్రహ్మణ్యన్ గారు 1959-61 సంవత్సరములలో అఖిల భారత చేనేత బోర్డులో నమూనాల శాఖ ఉపసంచాలకులుగా నుండిరి కనుక, మనకు వీరు దూరపు చుట్టములే యని చెప్పవచ్చును. హకూ షా గారు గణేశ్ జోగి పాటలు విని, బొమ్మలు గీయుమని ప్రోత్సహించిరి. గణేశ్ గీసినాడు. అంతటితో ఆగక, నీవును గీయుమని భార్యను ముందుకు త్రోసినాడు. అప్పటికామె బిడ్డల తల్లి. చిత్రకళ ఏ బడిలోను నేర్చినది కాదు.

ఆమె సాధనములు నల్లసిరా కలము, తెల్లకాగితము, అంతే. సన్నని గీతలు, వాని ప్రక్క చుక్కలు, మరల గీతలు, మరల చుక్కలు. చెట్టయినను, రైలుపెట్టెయైనను, మనిషి మొగమైనను ఆ గీతా చుక్కల కూర్పే. పాటలో పల్లవి తిరిగి తిరిగి వచ్చునట్లు ఒకే గుర్తు కాగితమంతట తిరిగి వచ్చుచుండును. నాడె ఇటునుండి అటు, అటునుండి ఇటు ఆడగా బట్ట పెరుగుట చూచిన కన్నులకు ఈ పని ఇట్టే అర్థమగును. చదువుకొన్న విమర్శకులకంటె మన కండెలు చుట్టు ముసలమ్మలే దీనిని బాగుగా చూడగలరని మా నమ్మకము.

మొదటి బొమ్మలలో పల్లె, పాట కనిపించును. రాను రాను స్త్రీలు వచ్చిరి. వారు కదలకుండ కూర్చున్న స్త్రీలు కారు. సైకిలెక్కిన స్త్రీలు, కారు నడుపు స్త్రీలు, విమానములోని స్త్రీలు, చివరకు గొడుగువంటి పారాచూటు పట్టుకొని ఆకాశమునుండి దిగు స్త్రీలు! వాకిట పాడుటకే అనుమతి లేని కులములో పుట్టిన స్త్రీ కాగితముపై తనవంటివారిని ఎంతదూరము పంపినదో చూడుడు.

2012లో చెన్నపట్టణపు తారా బుక్స్ వారు ఆమె బొమ్మలను, ఆమె నోట చెప్పిన జీవితకథను ‘డ్రాయింగ్ ఫ్రమ్ ది సిటీ’ అను పుస్తకముగా ప్రచురించిరి. ఆమె చెప్పినదానిని సాలై సెల్వం గారు మొదట తమిళములో కూర్చగా, వి. గీత, గీతా వోల్ఫ్ గార్లు ఆంగ్లములో వ్రాసిరి. రాజస్థానపు పాటగత్తె బ్రతుకు తమిళము మీదుగా లోకమునకు పోవుట వింతయే. పుటలు యంత్రముపై అచ్చయినవి కావు. బట్టపై అద్దకము వేయునట్లు స్క్రీను పెట్టి, ఒక్కొక్క పుటను చేతితో తీసి, చేతితోనే కుట్టిరి. స్క్రీను పని ఎరిగిన మన అద్దకపువారు ఆ నలుపు ఎంత నిండుగా పట్టినదో గమనింపవలెను.

మేము ఆ పుస్తకములో అన్నిటికంటె ఎక్కువసేపు చూచినది అట్టమీది ఆమె పేరు. మన ఇండ్లలో ఆసు పోయునది స్త్రీ, కండె చుట్టునది స్త్రీ, ఏ రంగు ప్రక్క ఏ రంగు ఒదుగునో పలుమార్లు చెప్పునదియు ఆమెయే. కూలి మాత్రము మగవాని లెక్కలో పడును. ఇక అంచు నమూనా గ్రాఫు కాగితముపై గీసి, జాకార్డు అట్టలు కొట్టించినవారి పేరు ఏ చీరపైనైనను చూచితిమా? 1999 నాటి చట్టము వలన భౌగోళిక గుర్తింపు ఊరి పేరున వచ్చుచున్నది. అది మంచిదే, కాదనము. గీసిన మనిషి పేరు మాత్రము షావుకారు పద్దులలో కూడ నుండదు.

కావున సంఘ సభ్యులకు ఒక విన్నపము. మీ ఇంట తల్లిగాని, అత్తగారుగాని, నాయనమ్మగాని గీసిన అంచు, బుటా, కొంగు నమూనాలున్నచో, మగ్గము ప్రక్కన వారు పాడుకొను పాటలున్నచో, చినిగిన కాగితమైనను సరే, సంఘ కార్యాలయమునకు తెచ్చి చూపుడు. వెనుక ప్రక్కన వారి పేరు, ఊరు స్పష్టముగా వ్రాయుడు. ఫలానావారి భార్య యని వ్రాయవలదు. ఆమె పేరే వ్రాయుడు.