అంటుజామ ముందుగా కాయుట ఏల?

పెరటిలో గింజ నాటి పెంచిన జామ కాపునకు వచ్చుటకు సాధారణముగా 4, 5 సంవత్సరములు పట్టును. గాలి అంటు మొక్క 2, 3 సంవత్సరములలోనే కాయును. గింజనుండి పుట్టిన మొక్క బాల్యదశను గడపవలెను. అంటుకొమ్మయో, ఆ దశ దాటిన చెట్టులోని భాగమే.

వానకాలములో పెన్సిలు లావు కొమ్మపై 2.5 సెంటీమీటర్ల మేర బెరడును ఉంగరమువలె తొలగించి, తడినాచు పొదిగి, పాలిథీన్ కాగితముతో బిగించి కట్టవలెను. లోపలి కొయ్యగుండా నీరు పైకి పోవుచునే యుండును గనుక ఆకులు వాడవు. ఆకులనుండి బెరడుగుండా క్రిందికి దిగు చక్కెరలు, ఆక్సిన్ అను హార్మోను గాటు పైఅంచున నిలిచిపోవును. అచ్చట వేళ్లు పుట్టును. వేళ్లు నాచునిండ అల్లుకొనిన పిమ్మట కొమ్మను గాటు క్రింద కోసి నాటవచ్చును.

అయితే ఈ మొక్కకు తల్లివేరు ఉండదు. పెనుగాలికి ఒరిగిపోకుండ తొలి సంవత్సరములలో ఊతకర్ర కట్టుట మరువరాదు.