తెడ్డు వ్యాయామం – నడుము రక్షణ

మక్తల్ సమీపాన పంచదేవ్‌పహాడ్ వద్ద కృష్ణానదిని పుట్టిలో దాటి, శ్రీపాద శ్రీవల్లభుల కురువపుర క్షేత్రాన్ని దర్శించిన భక్తులు మన పాఠకులలో పలువురు ఉంటారు. ఆ సమయంలో మన దృష్టి ఆవలి ఒడ్డు మీదనే తప్ప తెడ్డు వేసే మనిషి నడుము మీద ఉండదు. గుండ్రని ఆ వెదురు బుట్టలో కాళ్లు తన్నిపెట్టడానికి ఆధారం దొరకదు. శ్రమంతా భుజాలదీ నడుముదీ.

నేడు ఆ తెడ్డే వ్యాయామశాలల్లో ‘రోయింగ్ మెషిన్’ అయినది. జారే పీట మీద కూర్చొని, పాదాలను పట్టీలతో బిగించుకొని, ఎదుటి పిడిని లాగడం దాని విధానం. దీనితో నడుము పట్టినదని చెప్పే భక్తులు ఈ మధ్య నాకు తరచుగా తారసపడుతున్నారు. అమరకోశం వారివర్గంలో తెడ్డుకు ‘క్షేపణి’ అని ఒక పేరున్నది. విసరడం, తోయడం అన్న అర్థాలున్న ధాతువు నుండి పుట్టిన మాట అది. ఈ యంత్రం విషయంలోనూ తోపే ప్రధానం, లాగుడు కాదు. పుట్టిలో లేని కాలి ఆధారం ఇక్కడ ఉన్నది కదా!

ముందు కాళ్లతో తన్నాలి. కాళ్లు దాదాపుగా చాచుకొన్న తరువాతనే మొండెం కొద్దిగా వెనుకకు వాలాలి. చివరకు చేతులు పిడిని పొట్ట దగ్గరకు తేవాలి. తిరిగి వచ్చేటప్పుడు చేతులు, మొండెం, మోకాళ్లు అన్నది క్రమం. కాళ్లు కదలకముందే నడుముతో లాగితే భారమంతా కటిప్రదేశం మీద పడుతుంది. ముందుకు వంగడం కూడా తుంటికీలు వద్దనే జరగాలి. వెన్ను గూనిగా వంగినప్పుడు పూసల నడుమనున్న మెత్తని బిళ్లలు ముందువైపు నలిగి వెనుకకు ఉబ్బుతాయి. కాళ్లకు పోయే నాడులు ఆ వెనుకనే ఉన్నాయి.

రాత్రి పడుకొన్నప్పుడు ఆ బిళ్లలు నీటిని పీల్చుకొని తెల్లవారుజామున బిగువుగా ఉంటాయి. బ్రాహ్మీముహూర్తంలో లేవడం శ్రేయస్కరమే. లేచీ లేవగానే యంత్రమెక్కడం మాత్రం తగదు. స్నానసంధ్యలు, పూజ ముగించి, ఒక గంట గడిచాక మొదలుపెట్టండి.

ఎంతసేపు అంటారా? వ్యాయామాన్ని బలంలో సగం మేరకే చేయాలని సుశ్రుతుడు హద్దు పెట్టాడు. శ్వాస నోటికి రావడమే దానికి గుర్తు. అలసిన శరీరంలో ముందుగా సడలేది వెన్ను నిలకడ. అందువల్ల కొద్దికొద్దిగా, నడుమ విరామమిస్తూ చేయడమే మేలు.

నల్లగొండ వారికి ప్రత్యేకంగా ఒక మాట. మర్రిగూడ, మునుగోడు ప్రాంతాలలో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీరు త్రాగిన పెద్దలలో కొందరికి వెన్నెముకను పట్టి ఉంచే స్నాయువులు ఎముకవలె గట్టిపడి ఉంటాయి. అది వ్యాయామలోపం వల్ల వచ్చిన బిగుతు కాదు, సాధనతో సడలదు. అటువంటి వెన్నును బలవంతాన వంచితే ప్రమాదం. పిల్లలు ప్రేమతో యంత్రం కొనిపెట్టినా సరే, ముందు వైద్యునికి చూపించుకొని, ఆయన సరేనన్న తరువాతనే పిడి పట్టాలి.

నొప్పి పిరుదు నుండి కాలిలోకి దిగినా, పాదం మొద్దుబారినా వ్యాయామం ఆపి వైద్యుని వద్దకు వెళ్లండి. కాళ్లలో పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా ఒక్క పూట కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి చేరాలి. ఆనాడు యాత్ర ఉంటే మానుకోండి, మొక్కు తరువాత తీర్చుకోవచ్చు.