అచ్చక్షరమును దిద్దుట ఎట్లు?

తెలుగు అచ్చక్షరములను రూపొందింప నేర్చుకొనువారు మొదట కంప్యూటరు తెరపై అరచేతియంత అక్షరమును గీసి మురిసిపోవుదురు. చదువరి చూచునది అది కాదు. 10 పాయింట్లనగా సుమారు 3.5 మిల్లీమీటర్లు; అందులో అక్షరము అంతకన్నను చిన్నది.

'ద', 'ధ', 'థ' లను చూడుడు. 'ద'కు అడుగున చిన్న గీత చేర్చిన 'ధ', దాని కడుపులో చుక్క పెట్టిన 'థ' అగును. చుక్క మరీ చిన్నదైనచో మాసిపోయి 'కథ' కాస్తా 'కధ'గా కనబడును. పెద్దదైనచో చుట్టునున్న తెలుపును సిరా పూడ్చివేయును. (మన పిల్లలు ఈ రెంటిని తారుమారు చేయుటకు అచ్చొక్కటే కారణము కాదనుకొనుడు!)

కావున నమూనాను అసలు పరిమాణమున అచ్చొత్తి, దానిని మునుపు చూడనివారిచే చదివింపవలెను. "అందముగా లేదు" అన్నచో ప్రయోజనము స్వల్పము. "మూడవ పంక్తిలో 'కథ'ను 'కధ' అని చదివితిని" అన్నచో దిద్దవలసిన చోటు తెలిసినది. "చుక్కను పెద్దది చేయుము" అను సలహాను మాత్రము వెంటనే పాటింపరాదు. లోపము చుక్కలోనే యుండనక్కరలేదు. కడుపును వెడల్పు చేసినను, చుట్టుగీతను సన్నము చేసినను కుదురవచ్చును. మార్చిన నమూనాను ఈసారి మరియొకరికి ఈయవలెను. మొదటివారికి ఆ మాట ముందే తెలిసిపోయినది గదా.